నట్టింట ఆకాశం: అమ్మతో అందలూసియాలో ఆరు రోజులు

అమ్మ పుట్టి పెరిగింది కోనసీమలో ఒక మండువా లోగిలిలో. నాకు ఆ ఇల్లు సగమే గుర్తు. నాలుగు వైపులా వసారాలు, చేతులు తగిలి తగిలి నునుపెక్కిన చెక్క స్తంభాలు, నడిమధ్య పల్లంలో వానపడితే మేం పిల్లలం కాగితం పడవలు వదిలిన గచ్చు. నాకు పదేళ్లప్పుడు పంపకాల్లో దాన్ని పడగొట్టేశారు. పోయినేడాది ఒకరోజు ఫోన్‌లో ఏదో ఫొటో చూస్తూ అమ్మ, "ఇదెక్కడే, అచ్చం మన మండువాలా ఉంది, గోడల నిండా పూలకుండీలు పెట్టారు" అంది. అది స్పెయిన్‌కి దక్షిణాన, అందలూసియాలోని కొర్దొబా ఊళ్లో ఒక పాటియో. ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉంచిన జాగాని అక్కడ పాటియో అంటారు. ఏటా మే మొదటి రెండు వారాల్లో ఆ ఊరివాళ్లు తమ ఇళ్ల తలుపులు అందరికీ తెరుస్తారని చదివాక ఇంక ఆగబుద్ధి కాలేదు. మే నెలకి టికెట్లు తీసుకున్నాను.

మొదటి రోజు, సెవిల్

అందలూసియాలోని పెద్ద నగరం సెవిల్‌లో బస కోసం వెతికినప్పుడు "పాటియో వైపు కిటికీ" అని ఉన్న గదినే ఏరి కోరి తీసుకున్నాను. తీరా వెళ్లి కిటికీ తెరిస్తే ఆరంతస్తుల భవనం మధ్యలో బావిలాంటి ఖాళీ, నాలుగు వైపులా వంటింటి కిటికీలు, వాటి మధ్య బట్టలు ఆరేసిన తాళ్లు. ఇదేంటని అడిగితే ఇంటావిడ, దీన్ని "పాతియో దె లూసెస్" అంటారు, అంటే వెలుతురు కోసం వదిలిన పాటియో అని చెప్పింది. నాకు ఉసూరుమనిపించింది. అమ్మ మాత్రం కుర్చీ లాక్కుని ఆ కిటికీ దగ్గరే కూర్చుంది. ఎవరో గిలక మీద తాడు లాగుతుంటే చొక్కాలు ఒక్కొక్కటే కదిలి వెళ్తున్నాయి, ఆలివ్ నూనెలో ఉల్లిపాయలు వేగుతున్న వాసన, పై అంతస్తు ఆవిడ ఎదురు కిటికీ ఆవిడతో ఏదో గట్టిగా చెప్పి నవ్వుతోంది. "ఇదీ మండువానే, ఇరుకైపోయిందంతే" అంది అమ్మ. ఆ మాట ఈ ఆరు రోజులూ నాతోనే నడిచింది.

సాయంత్రం శాంతా క్రూస్ పేట సందుల్లో తిరిగాం. వీధిలోంచి చూస్తే ఈ ఇళ్లకి పెద్ద అందమేమీ ఉండదు, తెల్ల సున్నం గోడ, చెక్క తలుపు, అంతే. ఆ తలుపు పగలంతా తెరిచే ఉంటుంది. లోపల సగువాన్ అనే చిన్న గది, మన నడవా లాంటిది, నడుము ఎత్తు దాకా రంగురంగుల టైల్స్ అతికించి ఉంటాయి. దాని చివర కాన్సెలా అనే ఇనుప గేటు, సన్నటి లతల్లా వంచిన కమ్ములతో. గేటుకి తాళం ఉంటుంది కానీ చూపుకి అడ్డం ఉండదు, దారిన పోయేవాళ్లు నిలబడి లోపలి మొక్కల్నీ ఫౌంటెన్‌నీ తనివితీరా చూడొచ్చు. ఆ టైల్స్‌ని అసులేహో అంటారు, ఈ మాట అరబ్బీ నుంచి వచ్చింది, నున్నటి చిన్న రాయి అని అర్థం. సగువాన్ అన్న మాటా అరబ్బీదే. ఒక గేటు దగ్గర అమ్మ కమ్ముల మధ్య చెయ్యి పెట్టి, "చూడు, లోపల్నించి చల్లగా వస్తోంది" అంది. నిజంగానే మట్టికుండ మూత తీసినట్టు, తడి నేల వాసనతో సన్నటి గాలి.

రెండో రోజు, ఇతాలికా, కాసా దె పిలాతోస్

అసలు ఈ ఇళ్లు ఎక్కణ్నుంచి మొదలయ్యాయో చూద్దామని పొద్దున్నే బస్సెక్కి సెవిల్ పక్కనే ఉన్న సాంతిపోన్సె అనే చిన్న ఊరికి వెళ్లాం. ఇతాలికా శిథిలాలు అక్కడే. క్రీస్తుపూర్వం 206లో రోమన్ సేనాని స్కిపియో గాయపడిన తన సైనికుల కోసం నెలకొల్పిన ఊరది, ట్రాజన్ చక్రవర్తి పుట్టింది అక్కడే. ఇళ్ల గోడలు చాలా వరకు పోయి నేలలు మిగిలాయి. పక్షుల ఇల్లు అని పిలిచే ఒక ఇంట్లో రాతి ముక్కలతో చేసిన నేల మీద 33 రకాల పక్షులున్నాయి. కానీ నేను వెతికింది పక్షుల్ని కాదు. ఇంటి నడుమ స్తంభాలు నిలబెట్టిన గుర్తులు, వాటి చుట్టూ నడవడానికి వసారా, దాని చుట్టూ గదులు, వాననీళ్లు పట్టుకునే తొట్టి. పైన ఎండ మాడ్చేస్తుంటే అమ్మ ఆ స్తంభాల జాడ పట్టుకుని నడుస్తూ, "ఇది పడమటి వసారా, ఇక్కడ వంటిల్లు ఉండాలి" అని తన పుట్టింటి లెక్కలో చెప్పుకుంటూ పోయింది.

చాలామంది పాటియో అనగానే అరబ్బుల సొత్తు అంటారు, మరికొందరు రోమన్లదంటారు. నాకు తోచింది వేరు. 711లో ఆఫ్రికా నుంచి జిబ్రాల్టర్ జలసంధి దాటి వచ్చిన ముస్లింలకి తమ ఊళ్లలో ఇలాంటి ఇళ్లు ముందే ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి, ఎందుకంటే రెండు చోట్లా ఎండ ఒకటే. వాళ్లు వచ్చి చేసింది ఇంటి మధ్యలో నీటికి పెద్దపీట వేయడం, వీధిలోంచి చూస్తే లోపలి మనుషులు కనిపించకుండా దారిని మలుపు తిప్పడం. 1236లో కొర్దొబా, 1248లో సెవిల్ క్రైస్తవ రాజు మూడో ఫెర్నాండో చేతిలోకి వెళ్లాక కొత్త దొరలు మతం మార్చారు కానీ ఇంటి ఆకారం మార్చలేదు. కట్టే మేస్త్రీలు పాతవాళ్లే. తర్వాత తర్వాత ఆ మలుపు పోయి, వీధి నుంచి తిన్నగా కనిపించే కాన్సెలా వచ్చింది, దాచుకునే ఇల్లు చూపించుకునే ఇల్లయింది.

ఇదంతా ఒకే చోట చూడాలంటే సెవిల్‌లోని కాసా దె పిలాతోస్. 15వ శతాబ్దం చివర్లో మొదలైన భవనం, కట్టించిన దంపతుల కొడుకు ఫద్రీకె 1518 నుంచి 1520 దాకా జెరూసలేం యాత్ర చేసి వచ్చాడు, జెరూసలేంలో యేసుకి శిలువ శిక్ష వేసిన రోమన్ అధికారి పిలాతు పేరు మీద, పిలాతు ఇల్లు అన్న పేరు ఆ యాత్ర తర్వాత జనం నోట్లోంచి వచ్చిందే. వీధి గుమ్మం పాలరాయిని 1529లో ఇటలీలోని జెనోవాలో చెక్కించి ఓడలో తెప్పించారు. లోపలి పెద్ద పాటియోలో గోడల మీద ముస్లిం శైలి పనితనపు టైల్స్, సుమారు 150 రకాల డిజైన్లు, ఒకదాని పక్కన ఒకటి, ఏవీ సరిగ్గా జత కలవవు, అయినా కంటికి ఇబ్బందనిపించదు. వాటి పైన గూళ్లలో రోమన్ చక్రవర్తులు మొదలైనవాళ్ల తలలు, 24. ఒక మూలన నిలబడితే పదిహేను వందల ఏళ్ల చరిత్ర ఒకే నీడలో కూర్చుని ఉన్నట్టుంటుంది.

మేం వెళ్లేసరికి మధ్యాహ్నం మూడు, బయట ఎండ కళ్లు తెరవనివ్వడం లేదు. సెవిల్‌లో వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. లోపల వసారాలో ఐదు నిమిషాలు కూర్చున్నామో లేదో చెమట ఆరిపోయింది. దీని వెనకున్న లెక్క చాలా సులువు. రాత్రి చల్లబడిన గాలి బరువు కాబట్టి కిందికి దిగి ఈ గుంటలాంటి జాగాలో నిలుస్తుంది. గోడలు ఎత్తు, వైశాల్యం తక్కువ, కాబట్టి ఎండ నేల దాకా దిగడానికి చాలా సేపు పడుతుంది. మందపాటి గోడలు వేడిని మెల్లగా పీల్చుకుంటాయి, మొక్కలూ నీళ్లూ మిగతాది చూసుకుంటాయి. నడివేసవిలో పైన తోల్దో అనే గుడ్డ పందిరిని తాళ్లతో లాగి పరుస్తారు, రాత్రి మళ్లీ తీసేస్తారు, లోపలి వేడి పైకి పోవాలి కదా. ఇంకోటి నాకు బాగా నచ్చింది: పాత సెవిల్ ఇళ్లలో వేసవి వస్తే కుటుంబం మొత్తం కింది అంతస్తుకి కాపురం దిగేది, చలికాలం పైకి ఎక్కేది. సామానుతో సహా. ఏసీ లేని రోజుల్లో ఇంట్లోనే ఊరు మారడమన్నమాట.

మూడో రోజు, సెవిల్, త్రియానా

పొద్దున అల్కాసర్ కోట. 1364లో మొదటి పెడ్రో రాజు కట్టించడం మొదలుపెట్టిన భవనంలో కన్యల పాటియో ఉంది, అందరూ ఫొటోలు తీసుకునేది అక్కడే. దాని నడుమ పొడవాటి నీటి కాలువ, రెండు పక్కలా నేలకన్నా లోతుగా తోట. ఆ తోట మీద 16వ శతాబ్దంలో పాలరాయి పరిచి మూసేశారు, 2002 తర్వాత జరిపిన తవ్వకాల్లో మళ్లీ బయటపడింది. బాగుంది, చాలా బాగుంది, కానీ మనుషులు కాపురం ఉన్న వాసన లేదు. గంటన్నరలో బయటికొచ్చేశాం.

మధ్యాహ్నం నది దాటి త్రియానా పేటకి వెళ్లాం. నేను సెవిల్‌లో అసలు చూడాలనుకున్నవి కొర్రాల్ దె వెసీనోస్, అంటే ఇరుగుపొరుగు లోగిళ్లు. ఒక పాటియో, దాని చుట్టూ రెండంతస్తుల్లో గదులు, గదికో కుటుంబం. బావి ఒకటే, బట్టలుతికే రాతి తొట్లు ఉమ్మడి, మరుగుదొడ్డి ఉమ్మడి. అద్దె వసూలు చేసి గొడవలు సర్దడానికి కసేరా అనే ఆవిడ ఉండేది. కుమ్మరులు, రేవు కూలీలు, పొగాకు ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లు, జిప్సీ కుటుంబాలు, అందరూ అలాంటి వాటిల్లోనే పిల్లల్ని కని పెంచారు. కుండీలు కొనే స్తోమత లేక ఖాళీ నూనె డబ్బాల్లో మొక్కలు నాటి గోడకి వేలాడదీశారు. ఈనాడు పోస్టుకార్డుల మీద కనిపించే ఆ పూలగోడల అందంలో పెద్ద వాటా ఈ పేదవాళ్లదేనని నా గట్టి నమ్మకం, దాన్ని రాజభవనాల ఖాతాలో వేసేయడం అన్యాయం.

1960, 70ల్లో వీటిలో చాలా వాటిని కూల్చేశారు. ఇళ్లు శిథిలమైపోయాయన్నది నిజమే, నదికి దగ్గరి స్థలాల ధర పెరిగిందన్నదీ నిజమే. జనాన్ని ఊరి చివర కట్టిన ఫ్లాట్లకి తరలించారు. తరాల తరబడి ఒకే బావి చుట్టూ బతికినవాళ్లు చెట్టుకొకరు పుట్టకొకరయ్యారు. మిగిలిన కొద్దింటిలో కొన్ని బాగుచేసి అపార్ట్‌మెంట్లుగా మార్చారు. త్రియానాలో ఒకదాని గేటు ముందు నిలబడి చూశాం. పొడవాటి సన్నటి లోగిలి, తెల్ల గోడలు, తలుపు తలుపుకీ పక్కన కుర్చీ. ఎవరూ లేరు, ఒక కుర్చీ మీద మాత్రం సగం వలిచిన చిక్కుడుకాయల గిన్నె. అమ్మ చాలాసేపు ఆ గిన్నె వైపే చూసింది.

నాలుగో రోజు, కొర్దొబా

స్పీడు రైల్లో ముప్పావు గంట. రోమన్ల కాలంలో బేటికా అనే రాష్ట్రానికి ఇది రాజధాని, పదో శతాబ్దంలో ఖలీఫాల రాజధాని. 785లో మసీదుగా మొదలై ఇప్పుడు చర్చిగా ఉన్న మెస్కీతా లోపలి స్తంభాల అడవి గురించి అందరూ రాస్తారు, నేను దాని ముందున్న నారింజల పాటియో గురించే చెప్తాను. వరసగా నారింజ చెట్లు, ఒక్కో చెట్టు మొదట్లో పాదు, పాదు నుంచి పాదుకి రాతి కాలువలు. ఒకచోట నీళ్లు వదిలితే చెట్టు తర్వాత చెట్టు తాగుతూ పోతుంది. కొబ్బరితోటల్లో బోదెలు చూసిన అమ్మకి ఎవరూ వివరించక్కర్లేకపోయింది.

మధ్యాహ్నం వియానా భవనం. ఒకే కప్పు కింద 12 పాటియోలు, ఒక తోట. శతాబ్దాల పాటు పక్క ఇళ్లు కొనుక్కుంటూ కలుపుకుంటూ పోతే అలా తయారైంది. కమ్ముల పాటియో అని ఒకటుంది, వీధి వైపు పెద్ద ఇనుప కిటికీలు పెట్టించారు, ఎందుకంటే దారినపోయేవాళ్లు చూసి ఈ ఇంటి గొప్ప తెలుసుకోవాలని. నిమ్మ, నారింజ చెట్లని గోడకి అతుక్కునేలా తీగల్లా పాకించారు. పిల్లుల పాటియో అని ఇంకోటి, అందులో అద్దెకున్న మామూలు జనం బతికేవాళ్లు. పన్నెండింటిలో అమ్మకి నచ్చింది అదే, "ఇక్కడైతే అప్పడాలు ఎండబెట్టుకోవచ్చు" అంది.

సాయంత్రం ప్వెర్తా దెల్ రింకోన్ దగ్గర గోడ పక్కన ఒక కంచు విగ్రహం కనిపించింది. ఒకావిడ తలెత్తి, చేతిలో పొడవాటి కర్ర, దాని చివర డబ్బా, గోడ మీదున్న నిజం పూలకుండీల వైపు చాపి ఉంది. ఇదేం పనో అప్పుడు మాకు పూర్తిగా అర్థం కాలేదు. రాత్రికి సాల్మొరేహో తిన్నాం, టమాటా, రొట్టె, వెల్లుల్లి, ఆలివ్ నూనె రుబ్బి చేసే చల్లటి చిక్కటి పులుసు, పైన మాంసం తరుగు వద్దని ముందే చెప్పాలి. దాంతోపాటు వంకాయ వేపుడు మీద తేనె పోసి ఇచ్చారు. అమ్మ మొదట మొహం చిట్లించి, తర్వాత పళ్లెం ఖాళీ చేసింది.

ఐదో రోజు, శాన్ బసీలియో పేట

దీని కోసమే వచ్చాం.

కొర్దొబా నగరపాలక సంస్థ పాటియోల పోటీ మొదలుపెట్టింది 1921లో. అంతర్యుద్ధం రోజుల్లో ఆగిపోయి మళ్లీ కొనసాగింది. 2012లో యునెస్కో ఈ పండుగని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది, అంటే గుర్తింపు గోడలకి కాదు, ఆ గోడల మధ్య కలిసి బతికే తీరుకి. పాత కట్టడాలకి ఒక విభాగం, కొత్తవీ బాగుచేసినవీ ఇంకో విభాగం. పొద్దున 11 నుంచి 2 దాకా, సాయంత్రం 6 నుంచి 10 దాకా తలుపులు తెరుస్తారు, టికెట్ లేదు. తలుపు పక్కన కుండీ పెట్టి ఉంటే అది పోటీలో ఉన్న ఇల్లని గుర్తుపట్టేయొచ్చు, గుర్తుపట్టకపోయినా బయట క్యూ చెప్తుంది.

శాన్ బసీలియో పాత కోటగోడని ఆనుకుని ఉన్న పేట. మేం పదకొండు కాకముందే చేరినా మా ముందు నలభై మంది. మొదటి మూడు ఇళ్లు జనం తోపులాటలోనే చూశాం, ఎవరి భుజం మీంచో ఎవరి ఫోన్ మీంచో. నాలుగో ఇల్లు సందు చివర. లోపలికి అడుగు పెట్టగానే కాళ్ల కింద గులకరాళ్లు నిలువుగా పాతిన నేల, నలుపూ బూడిదరంగూ కలిపి పూల ఆకారాల్లో. తడిపి ఉంది. ఒక మూల బావి, గిలక, రాగి బిందె. ఇంకో మూల ఉతికే రాతి తొట్టి. మేడ మెట్లు బయట్నించే, మెట్టు మెట్టుకీ రెండు కుండీలు. గోడ నేల నుంచి పైకప్పు దాకా నీలం రంగు కుండీలు, వాటిల్లో హితానియా అనే వేలాడే జెరేనియాలు, ఎరుపు, గులాబి, తెలుపు. కార్నేషన్లు, మల్లెతీగ, బోగన్‌విలియా. గుమ్మం పక్కన తులసిలాంటి మొక్క ఒకటి. అమ్మ వంగి ఆకు నలిపి వాసన చూసింది. అక్కడ దాన్ని అల్బాహాకా అంటారు, మన తులసికి దగ్గరి చుట్టమే, దోమలు రాకుండా గుమ్మం దగ్గర పెట్టుకుంటారట.

ఇంటావిడకి డెబ్బై పైనే ఉంటాయి. అమ్మ చీర చూసి దగ్గరికొచ్చి కొంగు అంచు వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. నేను ఫోన్‌లో అనువాదం పెట్టి ఇద్దరి మధ్య నిలబడ్డాను కానీ కాసేపటికి వాళ్లకి నా అవసరం తగ్గిపోయింది. ఆవిడ పెళ్లయి వచ్చేటప్పటికి గదికో కుటుంబం ఉండేదట, అందరికీ ఒకటే వంటిల్లు, ఎవరి పొయ్యి మీదిది మాడుతున్నా ఎవరో ఒకరు దించేవాళ్లట. ఇప్పుడు ఆవిడా, మేడమీద వాళ్ల చెల్లెలూ. పిల్లలు కొత్త ఊళ్లో ఫ్లాట్లలో ఉన్నారు, ఏప్రిల్లో వచ్చి గోడలకి సున్నం వేసి వెళ్తారు. ఈ పేటలోనే కొన్ని ఇళ్లు టూరిస్టుల అద్దె గదులుగా మారిపోయాయని చెప్తూ ఎదురింటి వైపు గడ్డంతో చూపించింది. పండుగకి నెలల ముందు నుంచీ పని, రోజూ నీళ్లు పోయడానికే గంటలు పడుతుంది, నగరపాలక సంస్థ ఇచ్చే డబ్బు ఖర్చుల్లో కలిసిపోతుంది. మరెందుకు చేస్తారని నేను అడిగితే, మా అత్తగారు పెట్టిన మొక్కలు కదా అని రెండు కుండీలు చూపించింది. అందులోవి ఆ మొదటి మొక్కల కొమ్మలకి కొమ్మలు.

రెండు గంటలకి జనాన్ని పంపేశాక మమ్మల్ని ఉండమంది. గోడకి ఆనించిన కర్ర తెచ్చింది. రెండు నిలువుల పొడవు వెదురులాంటి బోద, దాని కొసన తీగతో కట్టిన పాత డబ్బా, తుప్పు పట్టి, అంచు ఒక వైపు చప్పిడిగా నొక్కి ఉంది, నీళ్లు సన్నటి ధారగా పడటానికి. నిన్నటి విగ్రహం చేతిలోది ఇదే. తొట్టిలో డబ్బా ముంచి, కర్రని చేతి మీద చేయి వేసుకుంటూ పైకెత్తి, పై వరసలో కుండీ దగ్గరికి తీసుకెళ్లి మణికట్టు కొంచెం తిప్పింది, అంతే, చుక్క బయటపడలేదు. పై కుండీ అడుగు చిల్లులోంచి కారిన నీళ్లు కింది కుండీలోకి, దాన్లోంచి ఇంకా కిందికి. తర్వాత కర్ర అమ్మ చేతికిచ్చింది. మొదటిసారి డబ్బా వణికి నీళ్లన్నీ గోడ మీద పోయాయి, సున్నం మీద బూడిదరంగు మరక పాకింది. అమ్మ "అయ్యో" అని నాలిక కరుచుకుంది. ఆవిడ వెనక నిలబడి అమ్మ మోచేతులు పట్టుకుని ఎత్తించింది. రెండోసారి ఒక్క కుండీలో సరిగ్గా పడ్డాయి. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

రాత్రి మళ్లీ ఆ పేటకే వెళ్లాం. రాత్రిరాణి వాసన సందు మొదట్లోకే వచ్చేసింది. లోగిలి మధ్యలో బల్ల వేసుకుని ఆవిడా, చెల్లెలూ, వచ్చిన చుట్టాలూ తింటున్నారు, జనం వాళ్ల చుట్టూ తిరిగి చూసి వెళ్తున్నారు, వాళ్లకేం ఇబ్బందిగా ఉన్నట్టు లేదు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. మధ్యాహ్నపు మరక అప్పటికే ఆరిపోయింది.

ఆరో రోజు, గ్రనాడా

అలసిపోయాం, కొంచెమే చూశాం. అల్బైసిన్ కొండ మీద ఇళ్లని కార్మెన్ అంటారు, అరబ్బీలో ద్రాక్షతోట అన్న మాట నుంచి వచ్చింది. ఇల్లు, తోట కలిపి చుట్టూ ఎత్తైన ప్రహరీ. బయటికి సైప్రస్ చెట్ల కొసలు తప్ప ఏమీ కనిపించవు. కొండ కింద ఓర్నో దె ఓరో వీధిలో ఒక పాత ఇల్లుంది. కింది అంతస్తు 15వ శతాబ్దం చివరి ముస్లిం ఇల్లు, చిన్న నీటి తొట్టితో సహా. 1492లో గ్రనాడా ముస్లింల చేతిలోంచి పోయాక వచ్చిన క్రైస్తవులు దాని మీద ఇంకో అంతస్తు వేసుకున్నారు. కింద వంపు తిరిగిన గుమ్మాలు, పైన చెక్క స్తంభాల వరండా. తొట్టి పక్కన రాతి గట్టు మీద మేమిద్దరమే.

అమ్మ అక్కడ కూర్చునే మావయ్యకి ఫోన్ చేసింది. యోగక్షేమాలేమీ అడగలేదు. "ఒరేయ్, మన మండువా స్తంభాలు ఏం చేశార్రా, నాలుగూ అమ్మేశారా?" అంది. అవతల్నించి మావయ్య, రెండు ఉన్నాయక్కా, కొబ్బరి కొట్టు చూరు కింద పడున్నాయి, ఎందుకు అన్నాడు. "ఉండనీ, చెదలు పట్టకుండా కింద ఇటుకలు పెట్టించు. నేనొచ్చాక చెప్తాను" అని పెట్టేసింది.